రాజీనామా కాగితం మీద సంతకం పెట్టే ముందు ఈ టైపింగ్ షాపుకు వెళ్లండి

ఈ షాపుకు పేరు లేదు. పసుపు రేకు బోర్డు మీద ఎర్ర అక్షరాలతో "జాబ్ టైపింగ్, జిరాక్స్, లామినేషన్" అని ఉంటుంది. దాని కింద సగం చెరిగిపోయిన "ఎస్‌టీడీ, ఐఎస్‌డీ, పీసీఓ" అన్న అక్షరాలు ఇంకా కనిపిస్తాయి. హైదరాబాద్‌లో ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దిగి కార్మిక శాఖ ఆఫీసు వైపు నడిస్తే ఒక సందులో వస్తుంది. పైకి మూడు మెట్లున్నాయి. మొదటిసారి వెళ్లినప్పుడు ఆ మూడు మెట్లు ఎక్కడానికి నేను రెండుసార్లు ఆగాల్సి వచ్చింది.

నాది శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం. మా ఊరి పేరు చెప్పగానే చాలామంది "కిడ్నీల ఊరా?" అంటారు. కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య పుట్టినవాణ్ని. ఊళ్లో ఉంటే ఈ జబ్బు వస్తుందని భయపడి మా నాన్న నన్ను ఇరవై రెండేళ్లకే హైదరాబాద్ పంపించేశాడు. 2017 జూన్‌లో ఒక మందుల కంపెనీ గోడౌన్‌లో స్టోర్స్ అసిస్టెంట్‌గా చేరాను. 2022 నవంబర్‌లో కాళ్లు వాచాయి, అన్నం వాసన పడడం మానేసింది. రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 9.8, అంటే కిడ్నీలు దాదాపు పని మానేశాయని. ఆ నెలలోనే డయాలసిస్ మొదలైంది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు.

డిసెంబర్ మొదటి వారంలో కంపెనీ హెచ్ఆర్ నన్ను పిలిచి కూర్చోబెట్టారు. కూర్చోమన్నారు, నీళ్లిచ్చారు, మాటలూ మర్యాదగానే ఉన్నాయి. "మన దగ్గర లాంగ్ మెడికల్ లీవ్ పాలసీ లేదు. మీరే రాజీనామా ఇస్తే మంచి ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇస్తాం, లెక్కలు కూడా తొందరగా తేలుస్తాం" అని ముందే టైపు చేసి పెట్టిన కాగితం ఒకటి నా ముందుకు జరిపారు. అందులో "వ్యక్తిగత కారణాల వల్ల" అని ఉంది. నా పేరు, నా ఉద్యోగి నంబరు, కింద సంతకానికి గీత. పెన్ను కూడా వాళ్లే ఇచ్చారు. ఇంటికి తీసుకెళ్లి భార్యకు చూపించి తెస్తానని చెప్పి బయటపడ్డాను. ఆ మాట ఎలా నోటికొచ్చిందో నాకిప్పటికీ తెలీదు. నిజానికి అక్కడే సంతకం పెట్టేసేవాణ్ని, చెయ్యి వణుకుతోంది కాబట్టి ఆగాను.

గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మా సోంపేట బావ ఒకడున్నాడు. మరునాడు వాడే నన్ను బండి మీద ఎక్కించుకుని ఈ షాపుకు తీసుకొచ్చాడు. వాళ్ల యూనియన్ వాళ్లందరూ అర్జీలు ఇక్కడే టైపు చేయిస్తారట.

షాపు నడిపేది ఒక అక్క. యాభై దాటి ఉంటాయి. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలికి క్యాలిపర్ ఉంటుంది. ఒకప్పుడు వికలాంగుల కోటాలో ఇచ్చిన టెలిఫోన్ బూత్ అది. సెల్‌ఫోన్లు వచ్చి బూత్ మూతపడితే, టైపు నేర్చుకుని ఆ బల్ల మీదే కంప్యూటర్ పెట్టుకుంది. వకీలు కాదు, ఆ మాట వచ్చినవాళ్లందరికీ ముందే చెబుతుంది. కానీ కార్మిక శాఖ ఆఫీసుకు నడిచే దారిలో ఇన్నేళ్లుగా వేల అర్జీలు టైపు చేస్తే ఏం తెలుస్తుందో, అదంతా ఆమెకు తెలుసు.

నా కాగితం తీసుకుని చదివింది. "వ్యక్తిగత కారణాల" అన్న చోట వేలు పెట్టింది.

"సంతకం జేసినవా తమ్మీ?"

"లేదక్కా."

"ఇంకోటి ఏమన్న సంతకం జేసినవా? తెల్ల కాగితం మీద గాని?"

"లేదు."

"అయితే కూసో."

కూర్చోడానికి ఉన్నది ఒక ప్లాస్టిక్ స్టూలు. అది నాకిచ్చి బావను నిలబెట్టింది.

ఈ షాపు గురించి నేను ఇంత పొడుగ్గా రాయడానికి కారణం ఆ తర్వాతి అరగంట. వేరే టైపింగ్ షాపుల్లో మనం చెప్పింది చెప్పినట్టు కొట్టి ఇస్తారు. ఈ అక్క ముందు అడుగుతుంది, తర్వాత కొడుతుంది. ఎప్పుడు చేరావు? జీతం ఎంత? ఈఎస్‌ఐ కోస్తున్నారా? జీతం చీటీ ఉందా? పెహచాన్ కార్డు ఉందా? ఏ డిస్పెన్సరీ? సర్టిఫికెట్ ఎవరిచ్చారు? (ఈఎస్‌ఐ అంటే జీతంలో కొంత కోసి కార్మికులకు ఇచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా. పెహచాన్ దాని గుర్తింపు కార్డు, డిస్పెన్సరీ దాని దవాఖానా.)

నేను ప్రైవేటు ఆసుపత్రి డాక్టర్ ఇచ్చిన సర్టిఫికెట్ చూపించాను. పక్కన పెట్టేసింది. "ఇది జబ్బు నిజమేనని చెప్తది. లీవుకు పనికి రాదు. డిస్పెన్సరీ డాక్టరు రాసి ఇవ్వాలె. రేపు పొద్దున పో, ఇవాళ్టి కాగితంలో 'జత చేస్తున్నాను' అని రాస్తలేను, నీ చేతికి వచ్చినాక రాస్త." అని ఆ రోజు టైపు చేయకుండానే పంపేసింది. డబ్బులు తీసుకోలేదు. అంత దూరం రావడం దండగైందని అప్పుడు నాకు కాస్త కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, మొత్తం వ్యవహారంలో నాకు బాగా ఉపకరించింది ఆ ఒక్క మాటే.

రెండు రోజుల తర్వాత డిస్పెన్సరీ సర్టిఫికెట్‌తో మళ్లీ వెళ్లాను. అప్పుడు చెప్పింది నాకు రావలసింది ఏమిటో. నా జీతం 17,400. అందులోంచి ఐదేళ్లుగా ఈఎస్‌ఐకి కోస్తూనే ఉన్నారు, అప్పటి రేటు 0.75 శాతం, అంటే నెలకు 131 రూపాయలు. కంపెనీ తన వంతు 3.25 శాతం కట్టాలి. నేను ఆ 131ని ఎప్పుడూ పోయిన డబ్బుగానే చూశాను.

"పాలసీ లేదన్నరా? ఫ్యాక్టరీల చట్టంల సిక్ లీవు అన్నదే లేదు, ఇరవై రోజులు పనిజేస్తే ఒక రోజు సెలవు, గంతే. నీ మెడికల్ లీవు వాళ్ల పాలసీల ఉండదు తమ్మీ, ఈ 131ల ఉంటది."

ఆమె వివరించిన లెక్క ఇది. జబ్బు సెలవుకు సగటు రోజుకూలీలో 70 శాతం వస్తుంది, ఏడాదిలో 91 రోజుల వరకు. మొదటి రెండు రోజులకు రాదు. అది అయిపోయాక, జాబితాలో ఉన్న 34 దీర్ఘకాలిక జబ్బుల్లో ఒకటైతే 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా పొడిగించవచ్చు. దానికి రెండేళ్ల ఉద్యోగం, ముందరి నాలుగు చందా కాలాల్లో (ఒక్కోటి ఆరు నెలలు) 156 రోజుల చందా ఉండాలి. ఆ 34లో క్యాన్సర్, టీబీ, పక్షవాతం, గుండె జబ్బులు కొన్ని ఉన్నాయి. మూత్రపిండాల వైఫల్యం కూడా ఉంది. నాకు రోజుకు 580 పడేది. అంటే మొదట 406, తర్వాత 464. ఇవి విన్నప్పుడు నా భార్య ఫోన్‌లో ఏడ్చింది. అంతకు ముందు రాత్రే చెవుల కమ్మలు కుదవ పెడదామా అని మాట్లాడుకున్నాం.

ఇంకొకటి, అప్పటి ఈఎస్‌ఐ చట్టం 1948లో 73వ సెక్షన్. ఉద్యోగి జబ్బు ప్రయోజనం పొందుతున్న కాలంలో యజమాని అతణ్ని తీసేయకూడదు, శిక్షించకూడదు, అప్పుడు ఇచ్చిన తొలగింపు నోటీసు చెల్లదు. ఈ రక్షణ ఎంతకాలం అయినా చెల్లుతుందని కాదు, నెలల తరబడి సాగే జబ్బులకు నిబంధనల్లో మినహాయింపులున్నాయని అక్క ముందే చెప్పింది. "కానీ నువ్వే రాజీనామా ఇస్తే ఇందులో ఒక్క అక్షరం గూడ నిన్ను కాపాడదు. నిన్ను ఎవ్వరూ తీసెయ్యలె, నువ్వే పోయినవ్ అయితది."

నేను రాసుకెళ్లిన చిత్తు కాగితం ఆమెకు ఇచ్చాను. రెండు పేజీలు. మా నాన్న ఇదే జబ్బుతో పోయాడని, ఇద్దరు పిల్లలున్నారని, మీ కాళ్లకు దండం పెడతానని. ఆమె చదివింది. మెల్లగా ఒక్కో వాక్యం కొట్టేసింది. నాకు బాధేసింది.

"నీ బాధ నాకు తెలుస్తుంది. ఆఫీసుల కూసున్నోడికి తారీకులు గావాలె."

చివరికి కాగితంలో మిగిలినవి ఇవి: ఫలానా తేదీ నుంచి ఈఎస్‌ఐ వైద్యంలో ఉన్నాను, సర్టిఫికెట్ జత చేశాను. ఫలానా తేదీన, ఫలానా గదిలో నన్ను రాజీనామా మీద సంతకం చేయమన్నారు. నాకు రాజీనామా చేసే ఉద్దేశం లేదు. వైద్యం కుదుటపడ్డాక జనరల్ షిఫ్టులో, కూర్చుని చేసే పని ఇవ్వాలని, డయాలసిస్ రోజుల్లో ముందుగా వెళ్లనివ్వాలని కోరుతున్నాను. ఒక ప్రతి ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసుకు, ఒక ప్రతి లేబర్ ఆఫీసుకు. నాన్న పేరు ఎక్కడా లేదు. పిల్లల పేర్లు లేవు. ఒక పేజీ.

గేటు దగ్గర సెక్యూరిటీ తీసుకోనన్నాడు. అక్క చెప్పినట్టే పోస్టాఫీసుకు వెళ్లి రిజిస్టర్డ్ పోస్టులో అక్నాలెడ్జ్‌మెంట్ కార్డుతో పంపాను. ఇప్పుడు రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు, కానీ చేరినట్టు రుజువు తీసుకోవడం మాత్రం మానకండి. ఆరో రోజున కార్డు తిరిగొచ్చింది, కంపెనీ సీలు, సంతకం. ఆ కార్డును లామినేషన్ చేయించాను. 20 రూపాయలు, ఇదే షాపులో.

ఆ తర్వాత రాజీనామా మాట ఎవరూ ఎత్తలేదు. కానీ ఇంకో రకంగా సతాయించారు. నేను పనికి రావడం లేదని కంపెనీ ధ్రువీకరించి పంపాల్సిన ఫారం ఒకటి ఉంటుంది. అది పంపలేదు. ఒక నెల డబ్బు ఆగింది. అక్క రెండో కాగితం టైపు చేసింది, మూడే వాక్యాలు. పన్నెండు రోజుల్లో ఫారం వెళ్లింది.

ఇక్కడ వికలాంగుల చట్టం సంగతి చెప్పాలి, ఎందుకంటే నాలాంటి చాలామంది ఆ ఆశతోనే ఈ షాపు మెట్లెక్కుతారు. నేనూ అడిగాను. వారంలో మూడు రోజులు సూదుల మీద బతికే నేను వికలాంగుణ్ని కాదా అని. అక్క వెనక గోడకు లామినేషన్ చేసి అంటించిన జాబితా చూపించింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు. చూపు, వినికిడి, కదలిక లోపాలు, మానసిక అనారోగ్యం, పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు, తలసేమియా, సికిల్ సెల్, హిమోఫిలియా, యాసిడ్ దాడి బాధితులు. పాత 1995 చట్టంలో ఏడే ఉండేవట.

"నా కాలు లిస్టుల ఉంది తమ్మీ. నీ కిడ్నీ లేదు."

ఆ మాట చెప్పడానికి ఆమెకే కష్టంగా ఉన్నట్టు అనిపించింది. కాస్త ఆగి మిగతాది చెప్పింది. జాబితాలో ఉన్నవాళ్లకు కూడా ఆ చట్టం అన్నిచోట్లా ఒకేలా పనిచేయదు. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు, ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పని ఇవ్వాలి, అదీ లేకపోతే పోస్టు దొరికేదాకా అదనపు పోస్టులో పెట్టాలి అని 20వ సెక్షన్ చెబుతుంది. కానీ అది ప్రభుత్వ సంస్థలకే. ప్రైవేటు కంపెనీల విషయంలో సమాన అవకాశాల విధానం ప్రకటించాలని 21వ సెక్షన్ అంటుంది. ఇరవై, అంతకంటే ఎక్కువ మంది ఉన్నచోట అందులో లైజన్ ఆఫీసర్ (వికలాంగ ఉద్యోగుల సంగతి చూసే అధికారి) పేరు కూడా ఉండాలి. దాన్ని పట్టుకుని అడగవచ్చు, వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

నేను కూర్చున్నప్పుడే ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి వచ్చాడు. మల్టిపుల్ స్క్లెరోసిస్. చేతికర్ర. "పర్ఫార్మెన్స్ బాలేదు" అని మెయిల్ వచ్చిందట. అతనికి ఆమె ఇదే చెప్పింది, ముందు యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) తీసుకొమ్మని, స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు అక్కడే నింపింది, 50 రూపాయలు తీసుకుంది. తర్వాత అతని కంపెనీకి ఆ సమాన అవకాశాల విధానం ప్రతి ఇవ్వమని అడుగుతూ కాగితం కొట్టింది. ఫిర్యాదు కాదు, అడగడం మాత్రమే. ఆ అబ్బాయి ఏమయ్యాడో నాకు తెలీదు. బాగుండాలని మాత్రం కోరుకుంటున్నాను.

నాకు అర్థం కానిది ఒకటే. మా ఉద్దానంలో ఇంటికొకరు అన్నట్టు ఈ జబ్బుతో మంచాన పడుతున్నారు, పలాసలో ప్రభుత్వం 2023 డిసెంబర్‌లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచింది, ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ రోగికి నెలకు 10,000 పింఛను ఇస్తున్నారు, తెలంగాణలోనూ 2022 నుంచి 2,016 ఇస్తున్నారు. మేము పని చేయలేనివాళ్లమని పింఛను ఇచ్చేటప్పుడు ఒప్పుకుంటారు. పని చేయగలిగేలా కాస్త వెసులుబాటు ఇవ్వమని అడిగితే మాత్రం చట్టంలో మాకు చోటు లేదు. మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఇదే అంటుంది: "ఇంటికొచ్చీరా నాన్నా, పింఛనొస్తాది, ఇంకా ఉజ్జోగమేటికి?" అమ్మ ప్రేమతో అంటుంది. కానీ నాకు ముప్పై తొమ్మిదేళ్లు. రెండు చేతులూ పని చేస్తున్నాయి, స్టాకు రిజిస్టరు తప్పులేకుండా రాయగలను. నాకు ఉద్యోగమే కావాలి.

2023 డిసెంబర్‌లో ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌తో పనిలోకి తిరిగి వెళ్లాను. డయాలసిస్ సెంటర్లో సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం స్లాటు దొరికింది. అప్పటి మేనేజరు మంచివాడు. ఆ మూడు రోజులు నాలుగింటికి వెళ్లిపోనిచ్చి, రిజిస్టర్లూ కంప్యూటర్ ఎంట్రీలూ నాకు అప్పగించాడు. నోటిమాటగానే. ఆ సంతోషం చెప్పడానికి లడ్డూల పొట్లంతో షాపుకు వెళ్తే, అక్క లడ్డూ తిని, "కాగితమేది?" అంది.

అప్పుడు ఆమె టైపు చేసింది ధన్యవాదాల లేఖ. "తేదీ ఫలానా నాడు నన్ను జనరల్ షిఫ్టులో రికార్డుల పనికి మార్చి, సోమ, బుధ, శుక్రవారాల్లో సాయంత్రం 4 గంటలకు వెళ్లేందుకు అంగీకరించినందుకు కృతజ్ఞతలు." మేనేజరు నవ్వి రెండో ప్రతి మీద సంతకం చేశాడు. అడిగితే ఉత్తర్వు ఇచ్చేవాడు కాదేమో, ఎవరైనా సరే థాంక్స్ కాగితం తీసుకోనని అనరు. ఈ షాపులో నేను చెల్లించిన 40 రూపాయల్లో అంత విలువైన పేజీ ఇంకొకటి లేదు.

ఏడాదిన్నర అలా పని చేశాను. ఆ తర్వాత మేనేజరు మారాడు. 2025 జూన్‌లో నా చేతికి ఉత్తరం ఇచ్చారు: నిరంతర అనారోగ్యం కారణంగా సేవలు ముగిస్తున్నామని.

షాపు గురించి రాస్తూ ఇది దాచడం న్యాయం కాదు. అక్క నా ఉద్యోగాన్ని శాశ్వతంగా కాపాడలేకపోయింది. కాపాడగలనని ఎప్పుడూ చెప్పలేదు కూడా. మొదటి వారంలోనే ఆమె ఈ సంగతి చెప్పింది: అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం 1947లో రిట్రెంచ్‌మెంట్ (పరిహారం ఇచ్చి ఉద్యోగుల్ని తగ్గించడం) అంటే ఏమిటో చెప్పేచోట, "నిరంతర అనారోగ్యం" వల్ల తీసేస్తే అది రిట్రెంచ్‌మెంట్ కిందికి రాదని రాసి ఉంది. అందువల్ల ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున ఇవ్వాల్సిన నష్టపరిహారం కూడా ఎగ్గొట్టే వీలుండేది. జబ్బుపడ్డవాడికి తక్కువ దక్కేలా ఆ వాక్యాన్ని ఎందుకు రాశారో ఎంత ఆలోచించినా నాకు బోధపడలేదు.

ఉత్తరం పట్టుకుని వెళ్తే ఈసారి ఆమె రెండు కాగితాలు కొట్టింది. మొదటిది గ్రాట్యుటీకి. ఎనిమిదేళ్ల సర్వీసు, మూల వేతనం 13,000, దాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే 7,500, ఎనిమిదేళ్లకు 60,000. కంపెనీ ఆ ప్రస్తావనే తేలేదు. అర్జీ వెళ్లాక ఇచ్చారు. (జబ్బు వల్ల పని చేయలేక ఆగిపోతే ఐదేళ్లు నిండకపోయినా గ్రాట్యుటీ వస్తుందని చాలామందికి తెలీదు. మూడేళ్లకే తీసేశారని వదిలేసుకోకండి.) రెండోది తొలగింపు మీద, అదే పారిశ్రామిక వివాదాల చట్టం 2ఏ సెక్షన్ కింద. యూనియన్ లేకపోయినా ఒంటరి కార్మికుడు ఫిర్యాదు చేయవచ్చు. రాజీ కుదరక 45 రోజులు దాటితే నేరుగా లేబర్ కోర్టుకు వెళ్లవచ్చని అప్పటి నియమం.

అందులో మా వాదన ఒక్కటే. అనారోగ్యం ఉంది, నిజం. పని చేయలేకపోవడం మాత్రం లేదు. ఏడాదిన్నర హాజరు పట్టీ, నా చేతిరాతతో ఉన్న స్టాకు రిజిస్టర్లు, ఆ ధన్యవాదాల లేఖ. వాటితో పాటు అక్క ఒక పేపరు కటింగ్ జిరాక్స్ కూడా పెట్టింది. 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు, రంగులు గుర్తించే చూపు లోపం ఉందని ఇంటికి పంపిన ఒక తెలంగాణ ఆర్టీసీ డ్రైవరుకు వేరే ఉద్యోగం ఇవ్వాలని, బకాయిల్లో 25 శాతం చెల్లించాలని తీర్పు చెప్పింది. అది ఆర్టీసీ సంగతి, వాళ్ల పాత ఒప్పందం మీద వచ్చిన తీర్పు, నాకు అచ్చంగా వర్తించదు. అక్క కూడా అదే అంది. "అయినా పెడదాం. ఇంటికి పంపే ముందు వేరే పని ఉందా అని వెతకాలె అన్నరు గద, ఆఫీసరు గదన్న సదువుతడు."

2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత సెక్షన్ నంబర్లతో నేను రాసినవి నా కాలం నాటివి. మీ అర్జీకి ఇప్పటి నంబర్లు వేయించుకోండి. అక్క ఆ పుస్తకాలు కొనేసింది, పెన్సిల్‌తో గీతలు గీస్తూ చదువుతోంది.

ఇక ధరలు, వేళలు. తెలుగు పేజీ 40, ఇంగ్లిష్ పేజీ 30, జిరాక్స్ 2, ప్రింటు 10. పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఆరున్నర, మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి మూడు వరకు షట్టరు సగం దించుతుంది, ఆ వేళలో కాలు బారజాపుకుని పడుకుంటుంది, పిలవకండి. ఆదివారం సెలవు. ఫోన్ ఎత్తదు. ఫోన్‌పే ఉంది.

లోపాలున్నాయి. ఆ మూడు మెట్లు. ఆమె ఒక్కతే గోడ పట్టుకుని ఎక్కుతుంది, ఆమె దగ్గరకొచ్చేవాళ్లలో సగం మంది నడవలేనివాళ్లు. ఇంటి ఓనరు ర్యాంపు వేయనివ్వడం లేదట. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు సందులోనే ఆగి కబురు పెట్టండి, ఆమె కిందికి దిగి వచ్చి రాసుకుంటుంది. టైపింగ్ 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో చేస్తుంది కాబట్టి ఆ ఫైలు మీ ఫోన్‌లో గీతలు గీతలుగా కనిపిస్తుంది, తప్పకుండా పీడీఎఫ్ చేయించుకోండి. నా మొదటి కాగితంలో కంపెనీ చిరునామాలో పిన్‌కోడ్ ఒక అంకె తప్పు పడింది, నేను చూసుకున్నాను కాబట్టి సరిపోయింది. చదవకుండా సంతకం చేయకండి, ఆమె కాగితమైనా సరే. మధ్యాహ్నం కరెంటు పోతే పని ఆగిపోతుంది, ఇన్వర్టర్ లేదు. ఏడుస్తూ వచ్చేవాళ్లతో ఆమె మాట కొంచెం కరకుగా ఉంటుంది, మా ఆవిడ మొదటిసారి నొచ్చుకుంది. కోర్టు దాకా వెళ్లే పెద్ద కేసైతే వకీలునే పెట్టుకోవాలి, ఆ మాట ఆమే చెబుతుంది.

ఐదు స్టార్లకు నాలుగున్నర ఇస్తాను. ఆ అర ఓనరు మెట్లకు.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఎవరికైనా పెద్ద జబ్బు వచ్చి, ఆఫీసు నుంచి "మీరే రాసిచ్చేయండి" అన్న ఫోన్ వస్తే, ఈ సందు దాకా రాలేకపోయినా ఆ రోజు ఏమీ సంతకం పెట్టనివ్వకండి. వాళ్లిచ్చిన కాగితం ఫొటో తీసుకోండి. జీతం చీటీలో ఈఎస్‌ఐ కోత ఉందో లేదో చూడండి. ఆసుపత్రి సర్టిఫికెట్‌తో పాటు డిస్పెన్సరీ సర్టిఫికెట్ కూడా తెచ్చుకోండి. పిలిచిన తేదీ, గది, ఎవరెవరున్నారు, ఆ రాత్రే రాసిపెట్టుకోండి.

లేబర్ ఆఫీసులో నా వచ్చే వాయిదా 18వ తేదీ, బుధవారం. అంటే డయాలసిస్ రోజు. పోయినసారి నాలుగున్నర దాకా పిలవలేదు, సెంటర్లో నా స్లాటు పోయింది, రాత్రంతా ఊపిరాడక కూర్చునే ఉన్నాను. నిన్న షాపుకు వెళ్లి ఆ సంగతి చెబితే అక్క వెంటనే కీబోర్డు దగ్గరకు లాక్కుంది: "డయాలసిస్ ఉన్నందున నా కేసును మధ్యాహ్నం 3 గంటలలోపు పిలవవలసిందిగా మనవి." ఒక పేజీ, రెండు జిరాక్సులు. 44 రూపాయలు.